ఇష్టపూర్వకంగా రాసిచ్చిన పుట్టిల్లు

మా తమ్ముడి ఫోన్ వచ్చేసరికి నేను బడిలో గోడకు చార్టు అంటిస్తున్నాను. ఆత్మకూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. మహిళా దినోత్సవం దగ్గర పడిందని పదో తరగతి ఆడపిల్లలు 'ప్రపంచంలో మహిళ' అని పెద్ద చార్టు చేసి తెచ్చారు. ఏదో దేశానికి ప్రధాని అయినామె, అంతరిక్షంలోకి పోయొచ్చినామె, విమానాలు నడిపేవాళ్ళు, ఓటు కోసం వీధుల్లో నడిచినవాళ్ళు. పాత పేపర్లు కత్తిరించి, జిగురు చార్టుకంటే చేతులకే ఎక్కువ పూసుకుని, మొత్తానికి అందంగానే చేశారు.

"చిన్నక్కా, సోమవారం రిజిస్ట్రార్ ఆఫీసులో చిన్న పని ఉండాది. ఆధార్ కార్డు పెట్టుకోని వచ్చెయ్. అమ్మను, పెద్దక్కను నేను కార్లో తెస్తా" అన్నాడు.

"ఏం పని రా?"

"అదే, నాయన పొలమూ ఇల్లూ నా పేరుకు మార్చుకోవాల గదా. మీరు సంతకాలు పెడితే అయిపోద్ది. మధ్యాహ్నం మెస్సులో చేపల పులుసు తిని పోదాం."

కరెంటు బిల్లు కట్టి రమ్మన్నంత తేలిగ్గా చెప్పాడు. నేనూ అంతే తేలిగ్గా "సరే" అనేశాను. ఫోన్ పెట్టేశాక ఒళ్ళు మండింది. వాడి మీద కాదు, ముందుగా నా నోటి మీద.

మా వైపు ఇది ఎవరూ తప్పనుకోరు. తండ్రి పోయి సంవత్సరీకం అయిపోయాక అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళను వెంటబెట్టుకుని ఆఫీసుకొస్తారు. 'మా వాటా మాకు వద్దు' అని వాళ్ళు హక్కు విడుదల కాగితం మీద సంతకం పెడతారు. ఆ పూట మంచి భోజనం, సాయంత్రానికి ఎవరిళ్ళకు వాళ్ళు. ఎందుకని ఆడబిడ్డ అడగదు, అడిగే సందూ ఎవరూ ఇవ్వరు. ఆడపిల్లకు సమాన వాటా అని చట్టం వచ్చి ఎన్నేళ్ళయిందో. ఏటా ఆ పాఠం చెప్పేది నేనే. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు బ్రహ్మాండంగా రాస్తారు, నేను టిక్కు కొడతాను, ఆ రెండు మార్కులతో ఆడపిల్ల హక్కు తీరిపోతుంది.

మా తమ్ముడు చెడ్డవాడైతే నాకు ఇంత బాధ లేకపోయేది. చిన్నప్పుడు వాణ్ణి చంకనేసుకుని తిరిగింది నేనే. ఇప్పటికీ కొత్త బియ్యం వస్తే ముందు మా ఇంటికి ఒక మూట పంపుతాడు. నాకు ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి వరండాలో తువ్వాల పరుచుకుని పడుకున్నాడు. పుట్టింటినుంచి ఏది రావాలన్నా లోటు చెయ్యడు. కాకపోతే ఇచ్చేది వాడు, పుచ్చుకునేది మేము. వాడు ఇస్తే ప్రేమ. మేం అడిగితే తగాదా.

ఇంతకీ ఆ పొలం నాకెందుకంటే, నాకు కావాలి. అంతకంటే పెద్ద కారణం లేదు. అనంతసాగరం దగ్గర మా నాయనది ఆరెకరాలు, కొంత కాలువ కింద మాగాణి, కొంత మెట్ట. అమ్మ, అక్క, నేను, తమ్ముడు, నలుగురం. తలా ఎకరన్నర. రిటైరయ్యాక మెట్టలో నిమ్మతోట వేసుకోవాలని నాకు ఎప్పట్నుంచో ఆశ. ఉదయగిరి పోయే దోవలో నిమ్మతోటలు కనబడితే బస్సులో కిటికీ వైపు జరిగి కూర్చుంటాను. మా ఆయనకు ఆ సంగతి చెప్తే, "ఈ వయసులో నిమ్మతోటేంది, ఇంటి ముందర ఒక చెట్టు వేసుకో" అన్నారు. సంతకం సంగతి చెప్తే, "నీ ఇష్టం. మీ అక్కా తమ్ముళ్ళ మధ్యలోకి నేను రాను" అన్నారు. ఆయన ఎప్పుడూ మధ్యలోకి రారు. మా ఆడపడుచు తన వాటా వదులుకుంటూ సంతకం పెట్టినప్పుడూ రాలేదు. పక్కన కూర్చుని పెన్ను అందించారంతే.

సోమవారం బడికి సెలవు పెట్టి ఆఫీసు దగ్గరికి పోయాను. కారు నడుపుకుంటూ వచ్చింది మా మేనకోడలు. తమ్ముడికి అది ఒక్కతే సంతానం. బెంగళూరులో ఉద్యోగం, ఇంటినుంచే పని చేస్తూ నెలరోజులుగా ఊళ్ళోనే ఉంది. తమ్ముడు ముందు సీట్లో దాని పక్కన కూర్చుని రివర్స్ ఎట్లా తీస్తుందో గర్వంగా చూసుకుంటున్నాడు. వెనక సీట్లో అమ్మ, వరికుంటపాడునుంచి ముందురోజే వచ్చిన అక్క. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. బావ పోయాక కొడుకుల దగ్గరే ఉంటూ, ఇప్పటికీ గొర్రెల వెంట పోతుంది. పొలం ఎవరికన్నా పనికొస్తుందంటే ముందు మా అక్కకే పనికొస్తుంది.

"చూసినావా చిన్నక్కా, ఎంత బాగా తోలతాదో! కొడుకు లేడనే దిగులే లేదు నాకు. ఉండేదంతా దీనికే" అన్నాడు తమ్ముడు కారు దిగుతూ.

నాకు చప్పున ఏదో గుచ్చుకుంది. వాడు కూతురి దగ్గర ఎంత మారాడు! ఇంజనీరింగు చదివించాడు, పెళ్ళికి తొందరపెట్టడు, కారు తాళం దాని చేతికే ఇస్తాడు. వాడి దృష్టిలో ఆడపిల్లకు ఆస్తి ఇవ్వడం ఎంతో సహజమైన పని. కానీ ఆ ఆడపిల్ల తన కూతురై ఉండాలి, తన తండ్రి కూతురు కాకూడదు. లోకం మారింది మారింది అంటారే, మా ఇంట్లో సరిగ్గా అక్కడిదాకా మారి ఆగింది.

ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే అంగడి. కంప్యూటర్లో కొట్టించిన కాగితాలు తమ్ముడు నా చేతిలో పెట్టాడు.

"చిన్నక్కా, నువ్వు టీచరువి గదా. తప్పుల్లేకుండా ఒకసారి చూసిపెట్టు. లోపలికి పోయినాక తప్పులు బయటపడితే మళ్ళీ తిరగాల."

వాడి మొహంలో ఇంత కూడా కల్మషం లేదు. వాళ్ళక్క చదువుకుంది, కాబట్టి వాళ్ళక్క చేత చూపించుకుంటున్నాడు. నేను బల్ల మీద కూర్చుని, అలవాటు చొప్పున పెన్ను తీసి, మొదలుపెట్టాను. మా నాయన ఇంటిపేరులో తప్పుంది, దిద్దాను. ఒక సర్వే నంబరు తారుమారైంది, సరిచేశాను. తూర్పు హద్దు, పడమటి హద్దు అటూ ఇటూ అయ్యాయి, బాణం గీసి మార్చాను. చివరి పేజీలో 'నా సోదరునిపై గల ప్రేమాభిమానములతో, ఎవరి ఒత్తిడి లేకుండా, ఇష్టపూర్వకంగా' అని ఉంది. అందులో తప్పులేమీ లేవు. అచ్చు చక్కగా పడింది.

"టీచరమ్మ చూసినాక ఇంక తిరుగులేదు" అన్నాడు రాసినాయన. మా తమ్ముడు నా వైపు ఎంతో మెచ్చుకోలుగా చూశాడు. నా ఎకరన్నర నేను పోగొట్టుకునే కాగితానికి హద్దులు సరిగ్గా ఉండేట్టు నేనే చూసుకున్నాను. నా చదువు మా ఇంటికి ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. పెన్ను మూతపెట్టి సంచీలో వేసుకున్నాను.

లోపల సబ్ రిజిస్ట్రార్ ఒక ఆడపిల్ల. ముప్ఫయ్యేళ్ళు కూడా ఉండవేమో. చుట్టూ కాగితాలు పట్టుకుని నిలబడ్డవాళ్ళంతా మగవాళ్ళు, అందరూ ఆమెను మేడమ్ మేడమ్ అంటున్నారు. మా బడి చార్టు మీద అంటించదగ్గ బొమ్మే. ఆమె ఎదుట కుర్చీలో కూర్చుని మేం మా హక్కులు వదులుకోవాలి.

ముందు అమ్మను పిలిచారు. "అమ్మా, మీ వాటా మీ అబ్బాయికి వదిలేస్తున్నారు. మీకు ఇష్టమేనా?"

"నాకేం తెలుసు తల్లీ. మా అబ్బయ్యను అడగండి" అంది అమ్మ.

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. సబ్ రిజిస్ట్రార్ నవ్వలేదు. "నేను మిమ్మల్నే అడుగుతున్నానమ్మా" అంది. అమ్మ తమ్ముడి వైపు చూసింది. వాడు తలూపాడు. అమ్మ ఇటు తిరిగి, "ఇష్టమేనంట" అంది.

నాయన బతికున్నప్పుడు ఆయన్ని అడగమనేది. ఇప్పుడు కొడుకుని అడగమంటోంది. ఎనభై ఏళ్ళ బతుకులో నీకిది ఇష్టమేనా అని ఒక మనిషి అమ్మను మొహం చూసి అడగడం అదే మొదటిసారి అయ్యుంటుంది. జవాబు చెప్పడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. అక్క అయితే ఆ పిల్ల నోరు తెరవకముందే "ఇష్టమే ఇష్టమే" అనేసి, వేలు ముందుకు చాపింది.

తర్వాత నన్ను పిలిచారు. "మీకు ఇష్టపూర్వకంగానేనా మేడమ్?"

"లేదు" అన్నాను.

నేను అంత గట్టిగా అనాలనుకోలేదు. నా గొంతు బడిలో వెనక బెంచీకి వినబడేట్టు అలవాటైంది. గది మొత్తానికి వినబడింది. "నాకు ఇష్టం లేదు. ఇల్లు వదిలేస్తాను. పొలంలో నా వాటా నాకు కావాలి."

సబ్ రిజిస్ట్రార్ చేతిలో పెన్ను కింద పెట్టింది. "అయితే ఈ కాగితం ఇట్లా కుదరదు. బయట మాట్లాడుకుని రండి" అంది. ఆ పిల్ల కళ్ళలో నాకోసం ఏదైనా మెరుస్తుందేమోనని చూశాను. ఏమీ లేదు. తర్వాతి వాళ్ళను పిలిచింది.

వరండాలోకి వచ్చాక తమ్ముడు అరవలేదు. అరిచినా బాగుండేది.

"ముందే చెప్పుండొచ్చు గదా చిన్నక్కా. ఇంతమందిలో పరువు తియ్యాల్నా? ఇది తిన్నింటి వాసాలు లెక్కబెట్టడం కాదా?"

"నేను తినింది నాయన ఇంట్లో రా. నువ్వు తినింది కూడా ఆడనే" అన్నాను.

"నాయన్ను చివరిదాకా చూసుకునింది ఎవురు?"

అందులో న్యాయం ఉంది. మంచంలో ఉన్న నాయనను చూసుకున్నది ఆ ఇంట్లోవాళ్ళే. కాకపోతే ఒళ్ళు తుడిచిందీ, గుడ్డలు మార్చిందీ వాడి భార్య, మా మరదలు. ఆమె పేరు ఈ కాగితంలో ఎక్కడా లేదు, ఆమెను కారులో తీసుకురావాలని కూడా ఎవరికీ తోచలేదు. ఆ మాటే అన్నాను.

అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న మేనకోడలు దగ్గరికొచ్చి, పాపం, సర్దిచెప్పబోయింది. "అత్తా, ఎందుకు గొడవ? ఎట్టైనా చివరికి ఆడపిల్లకే గదా వచ్చేది? నాకేగా?"

అది మంచి పిల్ల. ఆడవాళ్ళ హక్కుల గురించి నాకంటే ఎక్కువ మాటలు తెలుసు దానికి. "నీకు తమ్ముడు ఉండుంటే?" అని అడిగాను. తమ్ముడు లేకపోవడమే దాని హక్కు. ఉండుంటే అది కూడా ఒకరోజు కారు నడుపుకుంటూ ఈ వరండాకే వచ్చేది.

అక్క నా చెయ్యి పట్టుకుని గోడ పక్కకు లాక్కుపోయింది. ఆమె కళ్ళలో కోపం కంటే భయం ఎక్కువుంది.

"ఏందిమే నువ్వు చేసింది? నీకు మతి ఉండాదా? రేపు నువ్వు చచ్చిపోతే నీకు పుట్టింటి చీర ఎవురు తెస్తారు?"

నాకు మొదట అర్థం కాలేదు. పెళ్ళయిన ఆడది పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. ఆ చీర కోసం శవాన్ని ఆపి మరీ ఎదురుచూస్తారు. అది రాలేదంటే, దిక్కులేనిది అని ఊరంతా చెప్పుకుంటారు.

"నువ్వు సంతకం పెట్టేది అందుకా?" అన్నాను.

"ఇంకెందుకనుకున్నావు? నాకు మాత్రం పొలం చేదా? మా వాళ్ళు గొర్రెలు తోలుకోని యాడెక్కడో తిరగతా ఉండారు. ఎకరన్నరుంటే ఒక పక్క పడుంటాం. కానీ వాడితో చెడితే రేపు నా మీద ఎవురు కప్పుతారు?"

"నేను తెస్తా నీకు చీర. పట్టుచీరే తెస్తా."

"నువ్వు తెస్తే చెల్లదు. తమ్ముడు తేవాల, లేకపోతే వాడి ఇంట్లోంచి రావాల. నువ్వు వేరే ఇంటిదానివి గదా."

"మనిద్దరం ఒక ఇంట్లోనే పుట్టినాం గదా అక్కా."

"పుట్టినాం. దానికేముంది?" అంది.

కోర్టు మెట్లెక్కితే చట్టం నన్ను తమ్ముడితో సమానంగా నిలబెడుతుంది. తోడబుట్టిన అక్క శవం మీద చీర కప్పడానికి మాత్రం నేను ఆ ఇంటి మనిషిని కాను. ఈ పాఠం ఏ క్లాసులో చెప్పాలో నాకు తెలియలేదు. బతికున్నప్పుడు తిండికి పనికొచ్చే ఎకరన్నరను, చచ్చాక తనకు కనబడను కూడా కనబడని ఆరు గజాల గుడ్డ కోసం వదిలేస్తోంది మా అక్క. ఆమెను పట్టుకుని ఊపేయాలనిపించింది. ఏడుపూ వచ్చింది. ఆమె తెలివితక్కువది అయితే తిట్టి ఊరుకునేదాన్ని. కానీ ఆమె ఉండే ఊళ్ళో ఆమె లెక్క తప్పు కాదు.

కాగితం మళ్ళీ రాయించారు. అమ్మ, అక్క లోపలికి పోయి సంతకాలు పెట్టి వచ్చారు. నేను వరండాలోనే నిలబడ్డాను. తర్వాత వాళ్ళు మెస్సు వైపు నడిచారు. తమ్ముడు నన్ను రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. నేను బస్టాండుకు పోయి ఇంటికి వచ్చేశాను. ఇంట్లో అన్నం కూడా లేదు, చేపల పులుసు తినొస్తానని ఉదయం వండలేదు.

ఆ వారంలోనే మహిళా దినోత్సవం. బడి గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద వరసగా మగవాళ్ళ ఫోటోలు, మూలన ఒక స్త్రీ బొమ్మ, అదీ రెక్కలున్న బొమ్మ. నన్ను మాట్లాడమన్నారు. ప్రధానుల గురించి, విమానాల గురించి మాట్లాడాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకేం చెప్పను? మా ఊరి సంగతి చెప్తే మా తమ్ముడి పరువు పోతుందని ఆగిపోయాను. అంత జరిగినా వాడి పరువు నేనే కాపాడుతున్నానని ఇంటికొచ్చాక గుర్తొచ్చి నా మీద నాకే చిరాకేసింది.

తమ్ముడు కోర్టుదాకా లాగలేదు. పెద్దమనుషులను పెట్టి పంచాడు. ఇంట్లో వాటా నేను అన్నమాట ప్రకారం వదిలేశాను. మెట్టలో రాళ్ళున్న కొస నాకు వచ్చింది. నేను కాదనలేదు, నిమ్మకు ఫరవాలేదనుకున్నాను. పంచిన రోజునుంచి వాడు నాతో మాట్లాడటం మానేశాడు. ఈ ఏడు కొత్త బియ్యం మూట రాలేదు. అంగట్లో బియ్యం దొరుకుతాయి, అది కాదు నా బాధ. అక్క మాత్రం ఫోన్ చేస్తుంది. చేసినప్పుడల్లా, "వాడికి ఒక మాట చెప్పి రాజీ పడుమే" అంటుంది.

మొన్న గుంటలు తవ్వించడానికి పోయాను. షేర్ ఆటో దిగి, మా వీధిలోంచి పోతే దగ్గరైనా, చుట్టు తిరిగి పొలం దోవన పోయాను. పుట్టి పెరిగిన వీధిలోంచి పోవడానికి మొహం చెల్లలేదు. తప్పు చేసింది నేను కాదని నూరుసార్లు అనుకున్నా కాళ్ళు అటు పోలేదు.

పని జరుగుతుండగా అమ్మ వచ్చింది. ఆ ఎండలో, కొంగు తలమీద కప్పుకుని, చేతిలో క్యారియర్ పట్టుకుని, గట్టు మీద మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. నేను వచ్చినట్టు ఎవరో చెప్పారంట. గట్టు మీదే కూర్చోబెట్టి అన్నం, గోంగూర పచ్చడి, పెరుగు పెట్టింది. రాళ్ళ వైపు చూసి, "ఇందులో చెట్లు వస్తాయా?" అని అడిగింది. వస్తాయన్నాను. నీళ్ళకు ఏం చేస్తావంది. బోరు వేయిస్తానన్నాను. చాలాసేపు అవే మాటలు. ఇంటి మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఉండబట్టలేక చివరికి నేనే అన్నాను.

"ఇంటికి రా అని ఒక్క మాట కూడా అనవేమ్మా? ఇంత దూరం వచ్చి గట్టు మీద పెడతావా నాకు అన్నం?"

అమ్మ క్యారియర్ గిన్నెలు ఒకదానిమీద ఒకటి పెట్టుకుంటూ ఉంది. తల ఎత్తలేదు.

"రమ్మనాలని నాకు లేదా తల్లీ? ఆ ఇల్లు నాది గాదు గదా. ఆ పొద్దు వాడికి రాసిచ్చేసినాను. ఆ మేడమ్ ఇష్టమేనా అని అడిగినప్పుడు, ఇట్టా నిన్ను ఇంటికి పిలిచేదానికి కూడా నాకు హక్కు ఉండదని ఎవురూ చెప్పలేదు" అంది.